అర్థమైందా అని అడిగి ఊరుకోకు

చిరంజీవి అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. వచ్చే సోమవారం మెడికల్ వార్డులో నర్సుగా చేరుతున్నావని మీ అమ్మ చెప్పింది. 34 ఏళ్ళు ఆ పనిలో ఉన్నదాన్ని కనుక, చదువుకున్నా వార్డు హడావిడిలో చేజారిపోయే సంగతులు కొన్ని రాస్తున్నాను.

మొదటిది ఊపిరి. ఏ కేస్‌షీటు తిరగేసినా శ్వాస దగ్గర 20 అనే ఉంటుంది. చాలామంది లెక్కపెట్టకుండానే రాస్తారు. నువ్వు అలా రాయకు. నాడి చూడటం అయిపోయినా మణికట్టు మీద వేళ్ళు తీయకుండా, ఛాతీ కదలికను నిండు నిమిషం లెక్కపెట్టు. లెక్కపెడుతున్నావని తెలిస్తే రోగి ఊపిరి తీరే మారిపోతుంది. పెద్దవాళ్ళలో 12 నుంచి 20 మామూలు. అది 28కి చేరి, మనిషి ఒక్క వాక్యం కూడా ఆగకుండా చెప్పలేకపోతుంటే, బీపీ బాగానే ఉన్నా డాక్టరును నిద్రలేపు. విసుక్కుంటారేమోనని జంకకు.

ఇక నా మనసులో ముల్లులా ఉండిపోయిన విషయం. షుగర్ ఉన్న ఒక రైతును డిశ్చార్జి చేస్తూ, ఇన్సులిన్ పూటకు పది చొప్పున, అన్నానికి ముందు వేసుకోమని చెప్పాను. అర్థమైందా అని అడిగాను. అర్థమైందమ్మా అన్నాడు. వారం తిరగకుండానే ఒళ్ళంతా చెమటతో, స్పృహ లేకుండా మోసుకొచ్చారు. నరానికి గ్లూకోజు ఎక్కించాక కళ్ళు తెరిచాడు. తేరుకున్నాక, మందు ఎలా ఎక్కిస్తున్నావో చూపించమన్నాను. సంచిలోంచి ఎర్ర మూత సిరంజి తీసి, సరిగ్గా పదో గీత దాకా లాగాడు. ఎర్ర మూతది మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే మందు కోసం. ఆయన చేతిలోని సీసా మిల్లీలీటరుకు 100 యూనిట్లది. దానికి నారింజ రంగు మూత సిరంజి వాడాలి. పది అనుకుంటూ పూటపూటా పాతిక యూనిట్లు ఎక్కించుకున్నాడు. చెప్పింది చెప్పినట్టే చేశాడు పాపం. సీసాను, సిరంజిని పక్కపక్కన పెట్టి చూపించనిది నేనే.

అప్పటినుంచి అర్థమైందా అన్న ప్రశ్నతో సరిపెట్టడం మానేశాను. తెల్ల బట్టలు చూస్తే ఎవరైనా తలాడిస్తారు. రోగి సొంత సీసా, సొంత సిరంజి అతని చేతికే ఇచ్చి, "ఇంటికి వెళ్ళాక ఎలా వేసుకుంటారో ఒకసారి చేసి చూపించండి" అను. తడబడితే మళ్ళీ నేర్పు. పది నిమిషాలు పడుతుంది, పట్టనీ. చెమటలు, వణుకు, గుండెదడ వస్తే ఏం చేస్తారో అతని నోటితోనే చెప్పించు. షుగర్ 70 కంటే తగ్గితే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలుపుకుని తాగాలి, 15 నిమిషాల తరువాత మళ్ళీ పరీక్షించుకోవాలి. స్పృహ తప్పినవాళ్ళ నోట్లో మాత్రం ఏమీ పోయకూడదని ఇంట్లోవాళ్ళకు గట్టిగా చెప్పు. ఇన్సులిన్‌ను గడ్డకట్టే అరలో పెట్టకూడదు. ఫ్రిజ్ లేని ఇంట్లో తడి ఇసుక పోసిన మట్టికుండ మేలు. పాదాలు చూడకుండా ఎవరినీ పంపకు. తిమ్మిరెక్కిన కాలికి ముల్లు దిగినా తెలియదు.

ఎప్పుడో ఒకప్పుడు నిన్ను ప్రసూతి వార్డుకు మారుస్తారు. అక్కడ దుప్పటి పైన చూసి వచ్చేయకు. నెత్తురు నడుము కిందికి చేరి మడుగు కడుతుంది, ఆమెను పక్కకు తిప్పి చూడు. కాన్పయ్యాక గర్భసంచి బొడ్డు దగ్గర బంతిలా గట్టిగా తగలాలి. మెత్తగా ఉంటే అక్కడే రుద్దుతూ కేకేసి మనిషిని పిలువు. నాడి వేగం పెరుగుతోందంటే, బీపీ ఇంకా పడలేదుగదా అని ఊరుకోకు.

బాలింతకు చెప్పే మాట ఆమె అమ్మకో అత్తగారికో కూడా చెప్పాలి. పథ్యం పేరుతో నీళ్ళు తగ్గించేదీ, ముర్రుపాలు పిండి పారబోయించేదీ వాళ్ళే. కసురుకోకు. వాళ్ళు ఎన్ని పురుళ్ళు పోశారో అడిగి, ముందు విను. విన్నాక చెబితే వింటారు.

మొదటి వారం గడిచాక సెలవు చూసుకుని రా. ఆ రెండు రంగుల సిరంజిలూ నా దగ్గర ఉన్నాయి. నేను షుగర్ రోగినై కూర్చుంటాను, నువ్వు నేర్పుదువుగాని.

మీ పెద్దమ్మ