వార్డులో అక్క, బీరువాలో కొత్త డ్రెస్ (కోవిడ్ రోజుల నాటి ఉత్తరాలు, జవాబులు)

ప్రశ్న: అమ్మా, నమస్తే. ఏడాది దాటింది, ఇంటి నుంచే ఉద్యోగం. రోజూ అవే రెండు నైటీలు, ఒక పాత టీషర్టు. ఈమధ్య ఆన్‌లైన్‌లో పసుపు రంగు డ్రెస్ ఒకటి కంటపడితే కొనుక్కున్నాను. వేసుకుని ఫొటో దిగి స్టేటస్‌లో పెట్టాను. మా అక్క నర్సు, కోవిడ్ వార్డులో డ్యూటీ. ఆ రాత్రే మెసేజ్ పెట్టింది. "ఇక్కడ నేను మనుషుల్ని మూటగట్టి పంపుతుంటే నీకిప్పుడు కొత్త బట్టలు కావాల్సొచ్చాయా? ఆ పార్సిల్ తెచ్చినవాడికి ఏమైనా అయితే?" అని. వెంటనే స్టేటస్ తీసేశాను. అప్పటినుంచి మా మధ్య మాటల్లేవు. డ్రెస్ బీరువాలో ఉంది, వేసుకోబుద్ధి కావడం లేదు. మా ఆయనేమో "నీ డబ్బు, నువ్వు కొనుక్కున్నావు, మధ్యలో ఎవరికేంటి" అంటున్నారు. చుట్టూ ఇంతమంది పోతున్నప్పుడు అవసరం లేని బట్టలు కొనడం తప్పా?
– ఒక చెల్లెలు

జవాబు: డ్రెస్ కొనడం తప్పు కాదు తల్లీ. ఈ మాట కోసం నువ్వెంత ఎదురుచూస్తున్నావో ఉత్తరంలో తెలుస్తూనే ఉంది, అందుకే ముందు చెప్పేశాను. కానీ మీ అక్క మెసేజ్‌లో రెండు సంగతులున్నాయి. ఒకటి ఆవిడ బాధ, రెండోది ఆ పార్సిల్ మోసుకొచ్చిన మనిషి. మీ ఆయన చెప్పిన సమాధానం ఈ రెంటిలో దేనికీ చాలదు. డబ్బు నీదే. ఆ డబ్బు ఎవరిచేత ఏ పని చేయిస్తోందో మాత్రం అడగాల్సిందే.

పార్సిల్ సంగతి ముందు చూద్దాం. 2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారి అన్నాక, ఏ దుకాణం తెరవాలో ఏది మూయాలో చాలా దేశాలు జాబితాలు వేశాయి. బట్టల కొట్లు దాదాపు ప్రతిచోటా మూసేవాటిలోకే వెళ్లాయి. జనం ఒకచోట గుమిగూడకుండా వేసిన జాబితాలవి. వాటిని పట్టుకుని ఫలానా మనిషికి మనసుందా లేదా అని తేల్చడం మొదలైంది, నాకు అదే బాధ. బ్రిటన్‌లోని వేల్స్‌లో 2020 అక్టోబరు 23 నుంచి రెండు వారాల పైచిలుకు లాక్‌డౌన్ పెట్టినప్పుడు సూపర్‌మార్కెట్లలో బట్టలున్న వరసలకు అడ్డం కట్టేశారు. జనం గొడవ చేశారు. నిజంగా అవసరమున్నవారికి అమ్మొచ్చని తర్వాత ప్రభుత్వమే వెసులుబాటు ఇవ్వాల్సి వచ్చింది. ఎదిగే పిల్లవాడి ప్యాంటు ఏ జాబితాలోకి వస్తుందో కాగితం మీద ఎవరు రాయగలరు?

ఫ్రాన్స్‌లో జరిగింది నాకు ఇంకా సూటిగా కనిపిస్తుంది. 2020 ఏప్రిల్ 14న నాంతేర్‌లోని కోర్టు, ఒక కార్మిక సంఘం వేసిన కేసులో, తిండి సామాను, శుభ్రతకు వాడేవి, మందులకు సంబంధించినవి తప్ప మరేవీ పంపొద్దని అమెజాన్‌ను ఆదేశించింది. గిడ్డంగుల్లో పనిచేసేవాళ్లకు ఎంత ముప్పుందో సరిగ్గా లెక్కగట్టేదాకా అని షరతు. కంపెనీ కొన్ని వారాలు అక్కడి గిడ్డంగులు మూసుకుంది. బట్టలు కొనేవాళ్ల గుణగణాల జోలికి ఆ కోర్టు పోలేదు, బల్లల దగ్గర పక్కపక్కనే నిలబడి ప్యాక్ చేసేవాళ్ల ఊపిరి గురించి అడిగింది. నీ డ్రెస్ విషయంలోనూ అడగాల్సింది అదే. దాని కోసం ఎంతమంది, ఎన్నిసార్లు ఒకరికొకరు దగ్గరగా రావాల్సి వచ్చింది?

ఈ శీర్షిక రాయకముందు నేను చాలా ఏళ్లు గార్మెంట్ ఫ్యాక్టరీలో చెకింగ్‌లో పనిచేశాను. అందుకే రిటర్న్‌లంటే నాకు పట్టింపు ఎక్కువ. మీడియం ఒకటి, లార్జ్ ఒకటి తెప్పించుకుని పట్టనిది తిప్పి పంపడం ఇప్పుడు చాలామందికి అలవాటైపోయింది. ఆ తిప్పి పంపిన దాని కోసం ఒక మనిషి మళ్లీ నీ గుమ్మం దాకా వస్తాడు. గిడ్డంగిలో ఒకమ్మాయి కవరు చించి, డ్రెస్‌ను లైటు కింద పరుస్తుంది. తిరగేసి చంకల దగ్గర చెమట మరక ఉందేమో, మెడ దగ్గర పౌడరు అంటిందేమో చూస్తుంది. జిప్పు పైకీ కిందికీ లాగి, గుండీలు సరిచూసి, చివరికి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తుంది. సెంటు వాసనో ఒంటి వాసనో ఉంటే మళ్లీ అమ్మడానికి పనికిరాదు. ఈ రోజుల్లో ఆ పని మాస్కు దించకుండా ఎలా చేస్తుందో నువ్వే ఆలోచించు. ఆ తర్వాత ఇస్త్రీ, మడత, కొత్త కవరు.

నువ్వు ఒకటే తెప్పించుకున్నావు, ఉంచుకున్నావు. ఇకముందు కొన్నా అలాగే చెయ్యి. నీకు బాగా పట్టే పాత డ్రెస్‌ను మంచం మీద ముడతల్లేకుండా పరిచి, ఈ చంక నుంచి ఆ చంకకు టేపు పెట్టు. వచ్చినదాన్ని రెట్టింపు చేస్తే ఛాతీ దగ్గర ఆ బట్ట చుట్టుకొలత వస్తుంది. సైట్‌లో ఇచ్చింది ఒంటి కొలతో బట్ట కొలతో చూసుకుని పోల్చుకో. ఎక్కువమంది పొరబడేది అక్కడే. రేపటికే కావాలన్న డెలివరీ వద్దు. కావలసినవి రెండుంటే ఒకే పార్సిల్‌లో రానివ్వు.

ఆ డ్రెస్ ఎందుకు కావాలనిపించిందో నువ్వు రాయలేదు. సంజాయిషీ అక్కర్లేదు కూడా. మిషిగన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2014లో అచ్చువేసిన ఒక అధ్యయనం ఉంది. వస్తువుల్లోంచి తమకు కావలసింది తామే ఎంచుకున్నవాళ్లకు, పరిస్థితి కాస్తయినా తమ చేతుల్లో ఉందన్న ధీమా కలిగి, దిగులు తగ్గిందట. కోపం మీద మాత్రం అది పనిచేయలేదు. కొన్నట్టు ఊహించుకుని ఎంచుకున్నా కొంత గుణం కనిపించిందని చదివాక నాకు తోచిందేమంటే, దిగులుగా ఉన్న రాత్రి నచ్చినవన్నీ కార్ట్‌లో పెట్టుకుని పడుకోవచ్చు. తెల్లారాక కూడా కావాలనిపించింది తెప్పించుకో.

ఇక మీ అక్క. నాకు నీ ఉత్తరంలో అసలు ప్రశ్న ఆవిడే.

ఒక్కసారి ఆవిడ ఆ ఫొటో చూసిన క్షణం ఊహించుకో. గంటలకొద్దీ ఒళ్లంతా కప్పేసే పీపీఈ కిట్ లోపల ఉండి బయటికొచ్చింది. లోపలున్నంతసేపూ నీళ్లు తాగడానికి లేదు, బాత్రూంకి వెళ్లడానికి లేదు. ముక్కు మీద మాస్కు ఒరుసుకుపోయిన గాటు ఉంటుంది. గ్లోవ్స్‌లో నానిన వేళ్లు ముడతలు పడి ఉంటాయి. ఆ వేళ్లతో ఫోన్ తెరిస్తే చెల్లెలు పసుపు డ్రెస్‌లో నవ్వుతోంది. అంతకుముందు ఆ చేతులతోనే ఎవరి చెల్లెలికి చివరి పని చేసి వచ్చిందో నీకు తెలియదు. ఆ మెసేజ్‌లో నీ మీద అసహ్యం నాకు కనబడలేదు. తను ఉన్నచోటికీ నువ్వున్నచోటికీ మధ్య ఇంత దూరం వచ్చేసిందని ఆవిడకు ఒక్కసారిగా తెలిసొచ్చి ఉంటుంది. డెలివరీ అబ్బాయి గురించి అడగడం కూడా నిన్ను దెప్పడానికే కాకపోవచ్చు. అలాంటివాళ్లు మంచాల మీద ఎలా ఉంటారో ఆవిడ రోజూ చూస్తోంది.

అందుకని, డ్రెస్ గురించి ఒక్క ముక్క కూడా రాయకు. "స్టేటస్ తీసేశాను", "ఒక్కటే కొన్నాను", "ఇకపై కొనను" – ఇవేవీ ఇప్పుడు ఆవిడకు అక్కర్లేదు. డ్యూటీ లేని పూట ఫోన్ చెయ్యి. "అక్కా, ఈ వారం ఎలా గడిచింది?" అని అడిగి ఊరుకో. చెప్తే చెప్పనీ. ఏడిస్తే ఏడవనీ, మధ్యలో సర్దిచెప్పకు. విసుక్కుని పెట్టేసినా రెండు రోజులాగి మళ్లీ చెయ్యి. ఇంతకాలం నువ్వు ఇంట్లో ఉండి, ఆవిడ వార్డులో ఉంది. ముందుగా చెయ్యి చాచాల్సింది నువ్వే. స్టేటస్ తీసేయడం మాత్రం మంచిపనే. కొనుక్కోవడం నీ ఇంట్లో విషయం. ఫొటో పెడితే, ఆ పూటే ఎవరినో పోగొట్టుకున్నవాళ్లకు కూడా చేరుతుంది.

డ్రెస్ తిప్పి పంపకు. ఎవరికో ఇచ్చేసి ప్రాయశ్చిత్తం అనుకోకు. వేసుకో.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారాలు. మా అబ్బాయి సేల్ పడినప్పుడల్లా షర్టులు తెప్పిస్తున్నాడు. బయటికెళ్లే పనే లేదు కదరా అంటే, "మనం కొనకపోతే కుట్టేవాళ్లు పస్తులుంటారు నాన్నా" అంటాడు. వాడి మాట నిజమేనా?
– ఒక తండ్రి

జవాబు: మీ అబ్బాయికి కుట్టేవాళ్లు గుర్తుండటమే నాకు సంతోషంగా ఉందండీ. పస్తుల సంగతీ నిజమే. కానీ సేల్‌లో అతను కట్టే డబ్బు వాళ్లదాకా వెళ్తుందనుకోవడం సరికాదు.

ఈ వ్యాపారం నడిచే తీరు చెప్తాను. బయ్యర్, అంటే ఆ బట్టలు అమ్ముకునే బ్రాండు, ఆర్డరిస్తాడు. ఫ్యాక్టరీ సొంత అప్పుతో బట్ట, దారం, గుండీలు కొంటుంది. కట్ చేసి, కుట్టి, ఓడెక్కిస్తుంది. చాలాసార్లు డబ్బు వచ్చేది ఆ తర్వాత వారాలకో నెలలకో. 2020 మార్చిలో దుకాణాలు మూతపడగానే పెద్ద పెద్ద బ్రాండ్లు ఆర్డర్లు రద్దు చేశాయి, కుట్టడం అయిపోయినవాటితో సహా. ఒక్క బంగ్లాదేశ్‌లోనే 300 కోట్ల డాలర్లకు పైగా విలువైన ఆర్డర్లు రద్దయ్యాయనీ, ఆగిపోయాయనీ, 20 లక్షలకు పైగా కార్మికుల మీద ఆ దెబ్బ పడిందనీ అక్కడి ఎగుమతిదారుల సంఘం చెప్పింది. అదే మార్చిలో అమెరికాలోని పెన్ స్టేట్ విశ్వవిద్యాలయం వాళ్లు బంగ్లాదేశ్ ఫ్యాక్టరీలను అడిగితే, ఆర్డరు రద్దు చేసిన బయ్యర్లలో 72 శాతం మంది ఫ్యాక్టరీ అప్పటికే కొన్న బట్టకు కూడా డబ్బిచ్చేది లేదన్నారని తేలింది.

రద్దయిన సరుకు ఎలా ఉంటుందో నేను కళ్లారా చూశాను. ఫినిషింగ్ సెక్షన్‌లో గోడ పొడవునా అట్టపెట్టెలు. ఇంకొకరికి అమ్ముదామంటే ప్రతి షర్టుకీ మెడ దగ్గర ఆ బ్రాండు లేబుల్ కుట్టి ఉంటుంది. పక్క కుట్టులో సైజు లేబుల్, పైన ధర ట్యాగ్. అవన్నీ బట్ట చిరగకుండా ఒక్కొక్కటిగా విప్పాలి. ఆ విప్పే పనికి కూలి ఎవరిస్తారో తేలక పెట్టెలు అక్కడే పడుండేవి. ఆ షర్టులు కుట్టినవాళ్లు మాత్రం ఎప్పటిలాగే నెలాఖరున జీతం కోసం లైన్లో నిలబడ్డారు.

మీ అబ్బాయి సేల్‌లో కొంటున్న షర్టు ఎప్పుడో కుట్టింది. దాని తాలూకు కూలి అందడమో ఎగ్గొట్టడమో అప్పుడే అయిపోయింది. అతనికి షర్టులంటే ఇష్టమైతే ఇష్టమని చెప్పుకుని కొనుక్కోమనండి, నేనేమీ అనను. కుట్టేవాళ్ల కోసమే అయితే మాత్రం, తనకు నచ్చిన బ్రాండుకు ఒక లేఖ రాయమనండి. "2020లో రద్దు చేసిన ఆర్డర్లకు పూర్తిగా డబ్బు కట్టారా?" అని. ఏం రాస్తే ఏం లాభమంటారేమో. ఆ ఏడాది 'పే అప్' పేరుతో మామూలు కొనుగోలుదారులు, కార్మిక సంఘాలు వెంటపడి అడిగితేనే కొన్ని పెద్ద కంపెనీలు దిగొచ్చి, కుట్టిన సరుకుకు డబ్బు కడతామన్నాయి. కొత్త షర్టు కొనే బదులు వదులైపోయిన పాత షర్టులను దగ్గర్లోని దర్జీ దగ్గర సరిచేయించుకుంటే, ఆ డబ్బు ఆ పూటే కుట్టినచేతికి అందుతుంది.

ప్రశ్న: బట్టల పార్సిల్ వస్తే మూడు రోజులు బయట ఉంచాలంటారు మా అత్తగారు. నిజంగా అవసరమా అక్కా?

జవాబు: అక్కర్లేదమ్మా. ఆ మూడు రోజుల లెక్క 2020 మార్చిలో వచ్చిన ఒక ప్రయోగం నుంచి పుట్టింది. ప్రయోగశాలలో ప్లాస్టిక్ మీద 72 గంటల దాకా, అట్ట మీద 24 గంటల దాకా వైరస్ కనిపించింది. ఆ తర్వాత చాలా తెలిసింది. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2021 ఏప్రిల్‌లో, వస్తువును తాకడం వల్ల జబ్బు సోకే అవకాశం మామూలుగా 10,000లో ఒకటి కన్నా తక్కువని చెప్పింది. కవరు విప్పి పారేసి, సబ్బుతో చేతులు కడుక్కుంటే చాలు. మీ అత్తగారికి మనసు ఒప్పకపోతే ఒక పూట పక్కన పెట్టండి, నష్టమేం లేదు. కొత్త బట్ట ఒకసారి ఉతికే వేసుకోండి. అది వైరస్ కోసం కాదు, ముడతలు పడకుండా ఫ్యాక్టరీలో అద్దే మందులు కొందరి ఒంటికి పడవు.

జాగ్రత్తంతా తలుపు దగ్గర పెట్టండి. ఈ జబ్బు ఎక్కువగా ఊపిరి ద్వారానే అంటుకుంటుంది. తలుపు తీసేముందు మీరు మాస్కు పెట్టుకోండి. డబ్బు ముందే కట్టేయండి, ఓటీపీ దూరం నుంచే చెప్పండి. మీ ఇంట్లో ఎవరికైనా జ్వరం ఉంటే ఆ విషయం ముందే ఫోన్‌లో చెప్పి, పార్సిల్ గుమ్మం బయటే పెట్టి వెళ్లమనండి.