ఆనర్ సొసైటీ ఆహ్వానాన్ని నమ్మవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయంలో రీడింగ్ ఎడ్యుకేషన్‌లో మాస్టర్స్ చేస్తోంది. మంచి గ్రేడ్లు వచ్చినందుకు ‘ఆల్ఫా ఉప్సిలాన్ ఆల్ఫా’ అనే ఆనర్ సొసైటీలో చేరమంటూ ఆహ్వానం వచ్చింది. సభ్యత్వ రుసుము కూడా కట్టాలట. గౌరవమని పిలిచి డబ్బు అడగడమేమిటని మాకు అనుమానంగా ఉంది. ఇది నమ్మదగినదేనా? ఉద్యోగానికి ఏమైనా ఉపయోగపడుతుందా?
(పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకురాలు)

జవాబు: అమ్మా, డబ్బు అడిగేసరికి అనుమానం రావడం సహజమే. అయితే అమెరికాలో పేరున్న ఆనర్ సొసైటీలు కూడా సాధారణంగా సభ్యత్వ రుసుము తీసుకుంటాయి కాబట్టి, రుసుము అడిగినంత మాత్రాన దాన్ని మోసమని అనుకోనక్కరలేదు. ఆ దేశంలో ఈ సంప్రదాయం చాలా పాతది. వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కళాశాల విద్యార్థులు 1776 డిసెంబరు 5న ప్రారంభించిన ఫై బీటా కప్పాతో ఇది మొదలైంది. గ్రీకు అక్షరాలతో పేరు పెట్టుకునే పద్ధతి కూడా అక్కడినుంచే వచ్చింది. తర్వాతి కాలంలో ఒక్కొక్క విద్యాశాఖకు ప్రత్యేకంగా సొసైటీలు ఏర్పడ్డాయి. ఇంగ్లీషు సాహిత్య విద్యార్థుల కోసం 1924లో సౌత్ డకోటాలోని డకోటా వెస్లియన్ విశ్వవిద్యాలయంలో సిగ్మా టౌ డెల్టా ఆరంభమైంది.

మీ అమ్మాయిని ఆహ్వానించిన ఆల్ఫా ఉప్సిలాన్ ఆల్ఫా, పఠనం, భాషాబోధన చదివేవారి కోసం ఇంటర్నేషనల్ లిటరసీ అసోసియేషన్ ఏర్పాటు చేసిన సొసైటీ. ఆ మాతృసంస్థ 1956లో ఇంటర్నేషనల్ రీడింగ్ అసోసియేషన్‌గా పుట్టి, 2015లో ఇప్పటి పేరు పెట్టుకుంది. ‘ది రీడింగ్ టీచర్’, ‘రీడింగ్ రీసెర్చ్ క్వార్టర్లీ’ వంటి పత్రికలు దానివే కాబట్టి, మీ అమ్మాయి తన కోర్సులో వాటిని ఈపాటికే చదివి ఉంటుంది. సొసైటీ పేరు విషయంలో మీరు సందేహించవలసిన పని లేదు.

చూడవలసిందల్లా, చేతికి వచ్చిన ఉత్తరం నిజంగా ఆ సొసైటీ నుంచే వచ్చిందా అన్నది. ఇలాంటి సొసైటీలు విశ్వవిద్యాలయాల్లోని తమ స్థానిక శాఖల (చాప్టర్ల) ద్వారా పనిచేస్తాయి. ప్రతి చాప్టర్‌కూ సలహాదారుగా ఒక అధ్యాపకుడో అధ్యాపకురాలో ఉంటారు. ఉత్తరంలో ఆ సలహాదారు పేరు లేకుండా, ఏ అర్హత చూసి ఎంపిక చేశారో చెప్పకుండా, ఫలానా తేదీలోపు కార్డుతో డబ్బు కట్టమని తొందరపెడుతూ ఉంటే దాన్ని పక్కన పెట్టడమే మంచిది. పేరు ఉన్నా సరే, ఉత్తరంలో ఇచ్చిన లింకును నమ్మకుండా అమ్మాయిని నేరుగా తన విభాగానికి వెళ్లి అడగమనండి. రుసుము ఒక్కసారి కట్టేదా, ఏటేటా కట్టేదా, మాతృసంస్థ సభ్యత్వానికి వేరుగా కట్టాలా అన్నవి కూడా అక్కడే తెలుసుకోవచ్చు. 1925లో ఏర్పడిన అసోసియేషన్ ఆఫ్ కాలేజ్ ఆనర్ సొసైటీస్ అనే సమాఖ్య, ఒక్క విద్యాశాఖకు పరిమితమైన సొసైటీలు డిగ్రీ స్థాయిలో పై 35 శాతంలో నిలిచినవారినే చేర్చుకోవాలన్న ప్రమాణం పెట్టింది. ఏ ఆహ్వానం వచ్చినా ఇలాంటి స్పష్టమైన గీటురాయి ఒకటి ఉందా అని చూడడం మంచి అలవాటు.

ఇక ఉద్యోగం సంగతి. స్నాతకోత్సవంలో మెడలో వేసుకునే రంగు తాడు, బయోడేటాలో ఒక పంక్తి ఈ సభ్యత్వంతో వస్తాయి. అమెరికా కేంద్ర ప్రభుత్వ కొలువుల్లో గుర్తింపు పొందిన ఆనర్ సొసైటీ సభ్యత్వాన్ని ప్రారంభ స్థాయి నిర్ణయంలో లెక్కలోకి తీసుకునే నియమం ఉన్నమాట నిజమే కాని, ఆ కొలువుల్లో అత్యధికం ఆ దేశ పౌరులకే పరిమితం కనుక దాని మీద ఆశ పెట్టుకోవద్దు. పాఠశాలలో ఉద్యోగమిచ్చేవారు ముందుగా చూసేది బోధనకు కావలసిన లైసెన్సును, తరగతి గదిలో పనితనాన్ని.

ఆ పనితనం పెంచుకోవడానికి మంచి చాప్టర్ తోడ్పడుతుందని నా నమ్మకం. చేరమని నేను చెప్పేదీ అందుకే. చదవడంలో వెనుకబడిన పిల్లలకు సభ్యులు సాయపడే కార్యక్రమం ఉందనుకుందాం. మీ అమ్మాయి ఒక రెండో తరగతి పిల్లవాడి పక్కన కూర్చుని, వాడు పైకి చదువుతుంటే సరిగా పలికిన ప్రతి మాటకూ ఒక టిక్కు పెడుతుంది, తప్పు పలికితే పలికినది పలికినట్టే రాసుకుంటుంది. న్యూజిలాండ్‌కు చెందిన మేరీ క్లే రూపొందించిన ‘రన్నింగ్ రికార్డ్’ పద్ధతి ఇదే. ‘హౌస్’ అని ఉన్నచోట పిల్లవాడు ‘హోమ్’ అన్నాడంటే అర్థాన్ని పట్టుకున్నాడు, అక్షరాలను చివరిదాకా చూడలేదు. ‘హార్స్’ అన్నాడంటే అక్షరాలను చాలావరకు చూశాడు, వాక్యం అర్థవంతంగా ఉందో లేదో పట్టించుకోలేదు. లెక్కకు రెండూ తప్పులే అయినా, మర్నాడు ఆ ఇద్దరు పిల్లలకు చెప్పవలసిన పాఠాలు వేరు. ఈ తేడా పుస్తకంలో చదివితే ఒక పేరాలో అయిపోతుంది. చెవికి పట్టుబడాలంటే ఎంతోమంది పిల్లలు చదువుతుండగా వినాలి, విన్నదాన్ని అనుభవమున్న అధ్యాపకులతో చర్చించాలి.

అందువల్ల చాప్టర్ గత ఏడాది ఏమేం చేసిందో సలహాదారును అడగమనండి. ఏడాదికొక ప్రమాణస్వీకార సభ తప్ప మరేమీ జరగడం లేదని తెలిస్తే, చేరకపోయినా పెద్ద నష్టం లేదు; సాధించిన గ్రేడ్లు ఎలాగూ ట్రాన్‌స్క్రిప్టులో ఉంటాయి. పిల్లలతో పని, సదస్సుల్లో పత్రసమర్పణ వంటివి సాగుతున్నాయని తెలిస్తే మాత్రం వెనకాడవద్దు. రుసుము భారమనిపిస్తే ఆ మాట మొహమాటపడకుండా చెప్పి, విభాగం నుంచి సాయం ఏమైనా దొరుకుతుందేమో కనుక్కోమనండి.