ఈ-రీడర్ కొనబోతున్న మేనకోడలికి

అమ్మాయీ,

ఈ-పుస్తకాలు చదివే పరికరం, అదే ఈ-రీడర్, డిక్షనరీ ఉన్నదే తీసుకోవాలా అని అడిగావు. కిండిల్, కోబో, పాకెట్‌బుక్, ఏది కొన్నా డిక్షనరీ ఉంటుంది, ఆ టెన్షన్ వద్దు. అది నీకు ఎంత పనికొస్తుందన్నది మాత్రం చదివే పుస్తకాన్ని బట్టి ఉంటుంది.

ఇంగ్లిషు నవలలకైతే నేను స్క్రీన్ తర్వాత చూసేది డిక్షనరీనే. తెలియని మాట మీద వేలు కాసేపు ఆనించి ఉంచితే చిన్న పెట్టె తెరుచుకుని అర్థం చూపిస్తుంది. దీనికి నెట్ అక్కర్లేదు, రైల్లో సిగ్నల్ పోయినా పనిచేస్తుంది. వికీపీడియా, అనువాదం మాత్రం వైఫై ఉంటేనే. ఫోన్లో వెతుక్కోవచ్చు కదా అంటావేమో. ఫోన్ తీశాక వాట్సాప్ చూడకుండా తిరిగి పుస్తకంలోకి వచ్చినవాళ్లని నేనింతవరకు చూడలేదు.

కిండిల్‌లో నాకు బాగా నచ్చింది వొకాబులరీ బిల్డర్. నువ్వు అర్థం చూసిన మాటలన్నీ, అవి వచ్చిన వాక్యాలతో సహా అందులో చేరుతాయి. తీరిక దొరికినప్పుడు తిరగేస్తే చాలు. వర్డ్ వైజ్ అని ఇంకోటి ఉంది, కష్టమైన మాటల పైన చిన్నక్షరాల్లో అర్థం వేస్తుంది. అన్ని పుస్తకాలకీ రాదు, వచ్చినా ఆపేయి. వరసల మధ్య ఆ రాతలు కళ్లకి అడ్డం. అలాగని ప్రతి మాట మీదా వేలు పెట్టకు. కథ అర్థమవుతుంటే సాగిపో, అదే మాట మళ్లీ ఎదురైతే అప్పుడు చూడు.

తెలుగు సంగతి వేరు. ఇంటర్నెట్ ఆర్కైవ్ వెబ్‌సైట్లో దొరికే మన పాత పుస్తకాలు చాలావరకు పేజీలు స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు. బొమ్మ మీద ఎంతసేపు నొక్కినా అర్థం రాదు. టైపు చేసిన ఈ-బుక్ అయినా మన మాటలకి విభక్తులు, సంధులు అతుక్కుని ఉంటాయాయె. 'కొమ్మల్లోంచి' అని ఉంటే మామూలు డిక్షనరీ దానంతటది 'కొమ్మ' దగ్గరికి వెళ్లలేదు. పాత పద్యాలు చదివేటప్పుడు నేను కంప్యూటర్లో ఆంధ్రభారతి వెబ్‌సైటు తెరిచి పెట్టుకుంటాను, శబ్దరత్నాకరం, బ్రౌన్ నిఘంటువు ఒక్కచోటే వెతకొచ్చు. స్కాన్ పుస్తకాలే ఎక్కువ చదివేవాళ్లు డిక్షనరీ మాట మరిచిపోయి 10 అంగుళాల స్క్రీన్‌కి డబ్బు పెట్టాలి. 6 అంగుళాల దాంట్లో అక్షరాలు చీమల్లా ఉంటాయి.

ఇంగ్లిషు మాటకి తెలుగులో అర్థం కావాలంటే బయటి డిక్షనరీ ఎక్కించుకోవాలి. ఆండ్రాయిడ్ మీద నడిచే బూక్స్ (Boox) లాంటి ఈ-రీడర్లలో స్టార్‌డిక్ట్ అనే రకం డిక్షనరీ ఫైళ్లు వేసుకోవచ్చు. నీకు అలాంటి తంటాలంటే చిరాకు, పైగా ఇంగ్లిషు అర్థం ఇంగ్లిషులోనే చదివితే నీకు మంచిది.

కాబట్టి మామూలు కిండిల్ తీసుకో. కొనగానే సెట్టింగ్స్‌లో భాషలు, డిక్షనరీల దగ్గరికి వెళ్లి, న్యూ ఆక్స్‌ఫర్డ్ అమెరికన్ డిక్షనరీ ఉంటే ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ ఆఫ్ ఇంగ్లిష్‌కి మార్చు. నువ్వు చదివేవాళ్లంతా బ్రిటిష్ రచయితలే కదా. ఈలోగా శనివారం ఇంటికొస్తే అత్తయ్య కిండిల్ ఇస్తాను, ఓ వారం నీ దగ్గరే ఉంచుకుని చదివి చూడు.

మీ మామయ్య