రెండు పోర్షన్ల ఇల్లు కొంటుంటే, ఒక పోర్షన్ ఖాళీ అనుకుని లెక్క వేయండి

రెండు పోర్షన్ల ఇల్లు లోన్ మీద కొంటే వచ్చే అద్దెతోనే ఈఎంఐ గడిచిపోతుందా అని అడిగారు. ఆరేళ్ల కిందట నేనూ ఇదే నమ్మకంతో కొన్నాను. మూడో నెలలోనే పై పోర్షన్‌వాళ్లు ఖాళీ చేశారు. ఈఎంఐ అలాగే ఉంది, ఆదాయంలో సగం పోయింది. పది పోర్షన్లలో ఒకటి ఖాళీ అయితే పోయేది పదో వంతే. రెండింటిలో ఒకటి పోతే ఆ టెన్షన్ వేరు.

నన్ను దెబ్బ తీసింది అమ్మేవారు చూపించిన అద్దె. పై పోర్షన్‌లో ఉన్నది వాళ్ల బంధువులేనని, ఇల్లు అమ్ముడయ్యేదాకా ఉండటానికే వచ్చారని తర్వాత తెలిసింది. కొత్తవాళ్లు దొరకడానికి రెండు నెలలు పట్టింది, అద్దె ఐదో వంతు తగ్గింది. అందుకే అగ్రిమెంట్ కాగితం ఒక్కటీ చూసి నమ్మకండి. ఏడాదిపాటు అద్దె బ్యాంకులో పడినట్టు చూపించమనండి. ఆ వీధిలో అలాంటి పోర్షన్లకు ఎంత ఇస్తున్నారో మీరే తిరిగి కనుక్కోండి.

ఇక లెక్క. రిజిస్ట్రేషన్ ఖర్చులతో కలిపి ఇల్లు మీకు 100కి పడిందనుకుందాం. రెండు పోర్షన్ల అద్దె ఏడాదికి 8. ఒక్కో పోర్షన్ ఏడాదిలో ఒక నెల ఖాళీగా ఉంటే చేతికొచ్చేది 7.3. ఇంటి పన్ను, బీమా, మోటారు రిపేర్లు, పైపులు, మనుషులు మారినప్పుడల్లా వేయించే రంగులు, వీటన్నిటికీ 2.2 తీసి పెడితే మిగిలేది 5.1. మీరు 70 లోన్ తీసుకుంటే, 8 శాతం వడ్డీతో 20 ఏళ్లకి, ఏడాది ఈఎంఐలే 7 అవుతాయి. అంటే ఏటా 1.9 మీ జీతంలోంచి పోతుంది. వడ్డీ 9 శాతానికి పెరిగితే ఈఎంఐలు దాదాపు 7.6.

అద్దె ఆస్తుల మీద అప్పిచ్చేవాళ్లలో చాలామంది, ఖర్చులు పోను మిగిలే అద్దె ఈఎంఐకి కనీసం 1.25 రెట్లు ఉందా అని చూస్తారు. మీరూ అదే కొలత పెట్టుకోండి. పై లెక్కలో దాని ప్రకారం లోన్ 40 దగ్గర ఆగాలి. అప్పుడు ఒక పోర్షన్ ఆరు నెలలు ఖాళీగా ఉన్నా, రెండోది ఏడాదంతా నిండి ఉంటే 3.8 మిగులుతుంది, కట్టాల్సింది 4. ఆ కాస్త తేడా సర్దుకోవచ్చు. 70 లోన్‌తో అదే జరిగితే 3.2 ఎక్కడినుంచి తెస్తారు?

ఒక పోర్షన్‌లో మీరే ఉండే ఆలోచన ఉంటే, ఇప్పుడు మీరు నిజంగా కడుతున్న అద్దెనే ఆదాయం వైపు రాసుకోండి. ఆ పోర్షన్‌కు బయట వచ్చే అద్దె రాస్తే, మీ చేతికి రాని డబ్బు లెక్కలోకి వచ్చేస్తుంది.

అడ్వాన్సుల సంగతి నేను మర్చిపోయాను, మీరు మర్చిపోకండి. అద్దెకున్నవాళ్లు పాత యజమానికిచ్చిన అడ్వాన్సు, వాళ్లు ఖాళీ చేసేటప్పుడు మిమ్మల్నే అడుగుతారు. ఆ మొత్తాన్ని ధరలో తగ్గించి, తగ్గించినట్టు కాగితం మీద రాయించుకున్నాకే సంతకం పెట్టండి.