కౌన్సిలర్ మా ఆవిడ పక్షమేమోనని అనుమానం.. బాబు కోసం నేను వెళ్లాలా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లె. రొయ్యల చెరువులు చేస్తాను. ఎనిమిది నెలలుగా నేను, మా ఆవిడ విడిగా ఉంటున్నాం. ఆవిడ రాజోలు దగ్గర పుట్టింట్లో ఉంది. మా తొమ్మిదేళ్ల బాబు అక్కడే చదువుకుంటూ, శనివారాలు నా దగ్గరికి వస్తాడు. ఆదివారం సాయంత్రం చించినాడ వంతెన దాటి దిండి దగ్గర వాళ్ల మేనమామకు అప్పగిస్తాను. బయల్దేరే వేళకు కడుపునొప్పి అంటాడు, ఒక్కోసారి వాంతి చేసుకుంటాడు. స్కానింగ్, రక్తపరీక్షలు అన్నీ నార్మల్. మా ఆవిడ నాతో చెప్పకుండా బాబును కౌన్సిలింగ్‌కి తీసుకెళ్తోందట. ఇప్పుడు ఆ కౌన్సిలర్ ఫోన్ చేసి నన్నూ రమ్మంటున్నారు. ‘వెళ్లొద్దు, కోర్టులో నీ మీద సాక్ష్యం తయారు చేస్తున్నారు’ అని మావాళ్లు అంటున్నారు. ఏం చేయమంటారండి?
– ఒక పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా

సలహా: వెళ్లండి. ఈ వారమే వెళ్లండి. మీ అనుమానాన్ని ఇంట్లో వదిలేసి వెళ్లమని మాత్రం చెప్పను. దాన్ని కూడా వెంట తీసుకెళ్లి ఆ కౌన్సిలర్ ముందే బయటపెట్టండి.

ముందు కడుపునొప్పి సంగతి. అది నిజమైన నొప్పి. బడి ఎగ్గొట్టడానికో, మీ దగ్గరే ఉండిపోవడానికో వేసే వేషం కాదు. మెదడుకీ పేగులకీ మధ్య నరాల సంబంధం చాలా గట్టిది. టెన్షన్ పడితే పేగుల కదలిక మారుతుంది, మామూలుగా తెలియని కదలిక కూడా నొప్పిగా తెలుస్తుంది. నొప్పి ఒకే రోజు ఒకే వేళకు రావడం, పరీక్షలన్నీ బాగుండటం.. ఇవన్నీ అటువైపే చూపిస్తున్నాయి. అయినా బరువు తగ్గుతున్నా, నొప్పితో నిద్రలో లేస్తున్నా, విరేచనంలో రక్తం కనిపించినా, వాంతి ఆకుపచ్చగా వచ్చినా, జ్వరం ఉన్నా, నొప్పి కుడివైపు పొత్తికడుపులోకి దిగినా ‘టెన్షనేలే’ అని ఊరుకోకుండా వెంటనే పిల్లల డాక్టర్‌కి చూపించండి.

ఇక మీ అసలు ప్రశ్న. మీకు చెప్పకుండా మొదలుపెట్టడం మిమ్మల్ని గుచ్చుకుంది. ఏ తండ్రికైనా గుచ్చుకుంటుంది. కానీ బాబు బాధ ఆవిడ కంట పడింది, చూపించాలనుకుంది. మీరూ అందుకే నాకు రాశారు. మీరిద్దరూ ఇంకా కలిసి ఉన్న చోటు ఇదొక్కటే. ఆ కౌన్సిలర్ నిలబడాల్సిందీ అక్కడే.

మీ భయం నాకు అనుభవం మీదే అర్థమైంది. కౌన్సిలర్‌గా ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఎనిమిదేళ్ల పాపను వాళ్లమ్మ తీసుకొచ్చింది. మూడుసార్లు ఆవిడ చెప్పింది విన్నాక, అప్పుడు తండ్రిని పిలిచాను. ఆయన కుర్చీ అంచున కూర్చున్నాడు, చేతిలో బండి తాళం తిప్పుతూ. నా బల్ల మీదున్న ఫైలు వైపు చూసి, ‘అందులో నా గురించి ఎన్ని పేజీలు రాశారండీ?’ అన్నాడు. నాలుగు పేజీలున్నాయి. ఆయన నోటి నుంచి వచ్చిన మాట ఒక్కటీ అందులో లేదు. నా దగ్గర సమాధానం లేదు. ఆయన లేచి వెళ్లిపోయాడు, తర్వాతి వారం నుంచి పాప రావడం మానేసింది. తప్పు నాదే. ఆ రోజు నుంచి తల్లిదండ్రులు విడిగా ఉంటే, బిడ్డతో మొదలుపెట్టక ముందే ఒకే వారంలో ఇద్దరినీ విడివిడిగా పిలుస్తాను. ఇద్దరికీ ఒకే సమయం, ఒకే మాటలు, ఒకే కాగితం మీద సంతకం. ఒకరు ఫోన్ చేసి రెండోవాళ్ల మీద ఏదైనా చెబితే, ‘మీరు ఫోన్ చేశారని వాళ్లకి చెబుతాను’ అని అప్పుడే అనేస్తాను. మొదట్లో కొందరికి కోపం వస్తుంది. ఇద్దరికీ నమ్మకం కుదిరేది దాంతోనే.

కాబట్టి మీరు వెళ్లినప్పుడు అడగాల్సినవి సూటిగా అడగండి. ‘ఇప్పటిదాకా మా ఆవిడతో ఎన్నిసార్లు మాట్లాడారు? నాకూ అంత సమయం ఇస్తారా?’ అనండి. ‘బాబు చెప్పిన మాటలు ఎవరికి చెబుతారు, ఎవరికి చెప్పరు?’ అనండి. మంచి కౌన్సిలర్ ఇబ్బంది పడరు. బాబు మాటలు మక్కికి మక్కి ఇద్దరిలో ఎవరికీ చెప్పననీ, వాడికి ఏం సాయం కావాలో మాత్రం ఇద్దరికీ ఒకేలా చెబుతాననీ అంటారు. ఒక్క మినహాయింపు ఉంది. బిడ్డకు ప్రమాదం ఉందని తెలిస్తే రహస్యం ఆగదు. లైంగిక వేధింపు అయితే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. క్లినికల్ సైకాలజిస్ట్ అయితే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉంటుంది. దాన్ని అడగడం అమర్యాద కాదు.

అన్నిటికన్నా ముఖ్యంగా కోర్టు సంగతి అడగండి. బాబుకు నొప్పి తగ్గించడానికి కూర్చునే కౌన్సిలర్ పని వేరు. బిడ్డ ఎవరి దగ్గర ఉండాలో కోర్టుకు చెప్పే పని వేరు. రెండూ ఒకే మనిషి చేస్తే పిల్లాడు ఆ గదిలో ఏ మాటా మనసు విప్పి చెప్పలేడు. 1984 నాటి చట్టంతో వచ్చిన ఫ్యామిలీ కోర్టులకు కౌన్సిలర్లు విడిగా ఉంటారు. అందుకే ‘కస్టడీ గురించి మీ ఇద్దరిలో ఎవరికీ ఉత్తరం రాయను’ అని కౌన్సిలర్ మీ ఇద్దరికీ ముందే కాగితం మీద చెప్పడం మంచిది. కోర్టు నేరుగా అడిగితే జవాబివ్వక తప్పదు, అది వేరే విషయం. ఏ కోర్టయినా చూసేది బిడ్డ క్షేమమే. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం కూడా దాన్నే అన్నిటికన్నా పైన పెట్టింది. బాబు తల్లి దగ్గర ఉంటున్నంత మాత్రాన తండ్రిగా మీ స్థానం పోదు. ఇప్పటికే కోర్టు ఆర్డరేదైనా ఉంటే కాపీ పట్టుకెళ్లండి.

ఇంకొక మాట, మీ ఉత్తరంలో లేనిది. మీ మధ్య ఎప్పుడైనా చెయ్యి చేసుకోవడం, బెదిరించడం జరిగి ఉంటే అది కూడా మీరే చెప్పండి. అలాంటప్పుడు ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టకూడదు. ఆవిడ విడిగా వస్తానంటే దాన్ని పంతం అనుకోవద్దు.

మీ ఇంటి సంగతి కూడా కొంచెం మాట్లాడాలి. నా దగ్గరికి వచ్చే ఇలాంటి పిల్లలు ఏదైనా చెప్పబోతూ ముందు తలుపు వైపు చూస్తారు. ‘ఇది నాన్నకి చెప్తారా?’, ‘అమ్మకి తెలుస్తుందా?’ అని అడిగాకే నోరు విప్పుతారు. ఈ అలవాటు వాళ్లకి కౌన్సిలింగ్‌లో రాలేదు, ఇళ్లలో వచ్చింది. శనివారం సంచి దింపీ దింపకముందే నాయనమ్మ ‘అక్కడ ఎవరొస్తున్నార్రా, మీ అమ్మ ఫోన్‌లో ఎవరితో మాట్లాడుతోంది’ అని అడుగుతుంది. ఆదివారం రాత్రి అమ్మమ్మ ‘మీ నాన్న ఏమన్నాడు’ అంటుంది. పెద్దవాళ్లకు అది ముచ్చటే. పిల్లాడికి మాత్రం ఒక్కొక్క జవాబూ ఇద్దరిలో ఎవరో ఒకరికి చేసే ద్రోహంలా అనిపిస్తుంది. మీ అమ్మగారితో ఈ మాట మీరే చెప్పండి. కౌన్సిలింగ్ నుంచి వచ్చాక ‘ఆ మేడం ఏమడిగారు’ అని మీరు కూడా అడగకండి.

వంతెన దగ్గర అప్పగింతలు ఆపగలరేమో చూడండి. అటు మేనమామ, ఇటు మీరు, మొహాలు బిగించుకుని నిలబడితే, సంచి పట్టుకుని మధ్యలో నడిచేది వాడు. శనివారం బడి అయ్యాక మీరే వెళ్లి తీసుకొచ్చి, సోమవారం ఉదయం నేరుగా బడి గేటు దగ్గర దింపితే ఆదివారం సాయంత్రం అన్న గండమే ఉండదు. దీన్ని ఫోన్‌లో మీ ఆవిడతో వాదించకండి, కౌన్సిలర్ ద్వారా అడిగించండి. చెరువులో రొయ్యలు పట్టే పని ఉన్న వారం కుదరదంటే బుధవారానికల్లా బాబుకు చెప్పేయండి. చివరి నిమిషంలో రాని నాన్న కోసం ఎదురుచూడటం నొప్పిని ఇంకా పెంచుతుంది.

ఇవన్నీ చేసినా నొప్పి ఒక్క వారంలో పోదు. కొన్ని వారాలు పట్టొచ్చు. ఈలోగా మీకే నిద్ర పట్టకపోతున్నా, మనసు బరువెక్కినా 14416కి ఫోన్ చేయండి. అది మానసిక ఆరోగ్య సాయానికి ప్రభుత్వం పెట్టిన టెలిమానస్ నంబరు. ఉచితం, రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. పిల్లలకు ప్రమాదం ఉందనిపిస్తే 1098.

ఈ శనివారం బాబును చెరువు గట్టు మీదకు తీసుకెళ్లినప్పుడు ఒక్క మాట చెప్పండి: ‘ఆ మేడంతో నేనూ మాట్లాడాను. నువ్వు అక్కడికి వెళ్లడం మీ అమ్మకీ ఇష్టమే, నాకూ ఇష్టమే. అక్కడ ఏం చెప్పావని నేను అడగను.’ వాడు నమ్మకపోవచ్చు. బదులు కూడా చెప్పకపోవచ్చు. రెట్టించకండి, మేత వేసే పనిలో వాణ్ణి కూడా చెయ్యి వెయ్యనివ్వండి.