పేరు బురద, నీళ్ళు అద్దం

ప్రశ్న: కార్సికా దీవికి వెళ్తున్నాం అండీ. బీచ్‌లు చాలు, అడవీ కొండా నదీ ఉన్న ప్లేస్ ఏదైనా చెప్పరూ?

జవాబు: ఫాంగో లోయకెళ్ళండి. ఇటాలియన్‌లో ఫాంగో అంటే బురద, పేరు చూసి జడుసుకోకండి, ఎర్రరాళ్ళ మధ్య గుంటల్లో నీళ్ళెంత తేటగా ఉంటాయంటే అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టుకోవచ్చు. ఈ ఫాంగో నది 2525 మీటర్ల పాలియా ఓర్బా శిఖరం వైపు కొండల్లోంచి దిగి గలేరియా అనే ఊరి దగ్గర సముద్రంలో కలుస్తుంది. చుట్టూ ఓక్ అడవి, 1977లోనే ఈ లోయని యునెస్కో బయోస్ఫియర్ రిజర్వ్ (ప్రకృతిని కాపాడుకునే ప్రాంతం) చేసేసింది. పూర్వం కొండల అవతల నియోలో అనే ప్రాంతపు గొర్రెల కాపర్లు పైన మంచు పడేసరికి మందల్ని కనుమలు దాటించి ఇటే తోలుకొచ్చేవాళ్ళు, ఆ నడక తల్చుకుంటేనే నాకు కాళ్ళు పీకుతాయి. ఈ దీవిని ఇటలీలోని జెనోవా వాళ్ళు ఏలిన కాలంనాటి రాతి వంతెన దగ్గర ఈతకి బావుంటుంది, కానీ పైన మబ్బు పడితే మాత్రం గట్టెక్కేయండి, కొండవాగు కదా.