నెయ్యి గరిటె దాచేయండి, సగం పని అయిపోతుంది

పండగ భోజనంలోకి పాలు, పెరుగు, నెయ్యి లేకుండా ఒంటికి మంచివైన సైడ్ డిష్‌లు ఏం చేయొచ్చని అడిగారు. వీగన్ వంటలని వెతికి బాదం పాలు, టోఫు కొనేయకండి ముందు. మా గుంటూరు వైపు పండగ కూరల్లో ముప్పాతిక వంతు మొదటి నుంచీ వీగనే. మనమే చివర్లో ఒక గరిటె నెయ్యి ఒలకబోసి పాడు చేస్తాం.

పోయిన సంక్రాంతికి మా అక్క కొడుకు పుణె నుంచి వచ్చాడు. అక్కడే పుట్టి పెరిగాడు, తెలుగు అర్థమవుతుంది గానీ అంతంత మాత్రం. రెండేళ్ళ నుంచి వీగన్. వచ్చీ రాగానే "పిన్నీ, నాకు పాలూ పెరుగూ నెయ్యీ వద్దు" అని చెప్పాడు, నేను సరేనన్నాను, కానీ వంటింట్లో ఉన్నది మా అత్తయ్యగారు. ఆవిడ లెక్కలో నెయ్యి పాల పదార్థం కాదు, నెయ్యి నెయ్యే. పప్పులో పోపు నెయ్యితోనే పెట్టేశారు. వాడు వాసన పట్టేసి పప్పు పక్కకి జరిపాడు. బూరెలోనూ నెయ్యే, అదీ వద్దన్నాడు. అంత పెద్ద అరిటాకులో అన్నం, పులిహోర తప్ప ఏమీ తినకుండా కూర్చుంటే ఆవిడకి టెన్షన్ మొదలైంది. కందబచ్చలి గిన్నె తెచ్చి "ఇది తిను నాయనా, ఆవ పెట్టి చేశాను" అన్నారు. వాడు చెయ్యి అడ్డం పెట్టేశాడు. "వద్దు అమ్మమ్మగారూ, ఆవుది ఏదీ తినను."

మా ఆయనకి నవ్వుతో పొలమారింది. ఆవ అంటే ఆవాల ముద్దరా, ఆవు కాదు అని చెప్పి, ఆవాలడబ్బా తెచ్చి చూపిస్తే గానీ నమ్మలేదు. తర్వాత ఆ కూర మూడుసార్లు వడ్డించుకున్నాడు. అత్తయ్యగారు మాత్రం సాయంత్రం దాకా "ఆవు కూరట, నేను వండానట" అని గొణుగుతూనే ఉన్నారు.

ఆ కూర సంగతే కాస్త వివరంగా చెప్తాను, మిగతావి మీకు తెలిసినవే. అరకిలో కందకి రెండు కట్టల బచ్చలి. కంద ముక్కలు చిన్నగా కోసి, బచ్చలి, పచ్చిమిర్చి, పసుపు వేసి మెత్తగా ఉడికించి, చింతపండు పులుసు కలిపి దగ్గరపడనివ్వాలి. పోపుకి ఒక్క చెంచా నూనె చాలు, శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు. రెండు చెంచాల ఆవాలు, ఒక ఎండుమిర్చి, ఉప్పు కలిపి నీళ్ళతో ముద్దగా నూరుకుని, పొయ్యి ఆపి కూర కాస్త చల్లారాక కలపాలి. పొయ్యి మీద ఉండగా వేశారో, చేదు. మాకు దుగ్గిరాల వైపు నుంచి మంచి కంద వస్తుంది, మీకు దొరక్కపోతే అరటికాయతోనూ ఇలాగే చేయొచ్చు.

సంక్రాంతికి చిక్కుళ్ళు కూడా బాగుంటాయి. ఆవిరి మీద ఉడికించి నువ్వులపొడి చల్లండి. పాలు మానేస్తే కాల్షియం ఎలా అని అడిగేవాళ్ళకి నేను చెప్పేది నువ్వులే. పొట్టుతో ఉన్న నువ్వులు 100 గ్రాముల్లో దాదాపు 975 మిల్లీగ్రాములు ఉంటుంది, పాలల్లో 120. అంత నువ్వులు ఎవరూ తినరులెండి, పొట్టు వల్ల అదంతా ఒంటికి పట్టదు కూడా, అయినా వేపుళ్ళ కంటే ఎంతో నయం. ఇంకా గుమ్మడికాయ, చిలగడదుంప వేసిన దప్పళం, పచ్చి దోసకాయ ముక్కల పచ్చడి. ఈ పచ్చడికి ముక్కలు ఉడికించే పనే లేదు.

అసలు నా బాధ పాల గురించి కాదు, నూనె గురించి. పండగ రోజు వంటవాళ్ళని పెట్టుకుంటే బెండకాయ వేపుడు నూనెలో ఈదుతుంది, బంగాళాదుంప కూడా అంతే, అదేమంటే "రుచి రాదమ్మా" అంటారు. నూనెలో ముంచి తేలిస్తే చెప్పు కూడా రుచిగానే ఉంటుంది. నెయ్యి లేదు కదా, వీగన్ కదా అని ఆ వేపుడు పెట్టేసి ఆరోగ్యం అనుకోకండి.

పెరుగుకి బదులు ఏంటని అడుగుతారు. వేరుశనగ పాలల్లో మిరపకాయ తొడిమలు వేస్తే తోడుకుంటుందని ఎవరో చెబితే చేశాను, గుంటూరులో తొడిమలకేం తక్కువ. తోడుకుంది గానీ మా ఇంట్లో ఆ గిన్నె ఎవరూ ముట్టుకోలేదు, మావాడితో సహా. కనుమ నాడు మినుము తినాలంటారు కదా, ఆ రోజు గారెల్లోకి పెరుగు మానేసి అల్లం పచ్చడి పెట్టాను, గొడవ లేకుండా అయిపోయింది. గారెలు మాత్రం నూనెలోవే, కాబట్టి రెండు చాలు. వాడు ఆరు తిన్నాడు.

కంద కోసేముందు చేతులకి నూనె రాసుకోండి, లేకపోతే దురదెక్కి నన్నే తిట్టుకుంటారు.